మిడి ఫైలు సరిగా మోగకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

మిడి (పాటను నోట్ల సూచనలుగా దాచే ఫైలు) ప్లేయర్ల మీద ఫిర్యాదులు చాలా రకాలు. సౌండే రావట్లేదంటారు ఒకరు, వస్తోంది కానీ బొమ్మ పియానోలా ఉందంటారు ఇంకొకరు, డ్రమ్స్ మోగాల్సిన చోట పియానో మోగుతోందంటారు మరొకరు. వెతకాల్సిన చోట్లు మాత్రం నాలుగే. ఫైలు, దాన్ని చదివే ప్లేయర్, ప్లేయర్ పంపిన నోట్లను వాయించే సింథ్, చివరికి సౌండ్ బయటికొచ్చే స్పీకర్ లేదా హెడ్‌ఫోన్. తేడా ఈ నాలుగింటిలో ఎక్కడుందో ముందు తేల్చుకోండి. అది తేలకుండా ప్రోగ్రాంలు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే టైమ్ పోతుంది తప్ప పెద్దగా ఫలితం ఉండదు.

తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. అదే ఫైలును ఇంకో ప్లేయర్‌లో తెరవండి. తర్వాత అదే ప్లేయర్‌లో ఇంకో ఫైలు తెరవండి. ఈ రెండింటితోనే తప్పు ఫైలుదా కాదా అన్నది తెలిసిపోతుంది.

ఎంపీ3 పాటలు బాగానే వస్తున్నాయి. మిడి ఒక్కటే రావట్లేదు. ఎందుకని?

ఎంపీ3లో రికార్డు చేసిన సౌండ్ ఉంటుంది. మిడి ఫైల్లో సౌండ్ అసలు ఉండదు. ఏ ఛానెల్లో ఏ నోటు ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఏ వాద్యం వాడాలి అన్న సూచనలే ఉంటాయి. అది పాట కాదు, పాటకు రాసిపెట్టిన స్వరలిపి. చూసి వాయించే పని సింథ్‌ది. సింథ్ అంటే విడిగా ఒక పరికరం కావచ్చు, కంప్యూటర్లోనే నడిచే ప్రోగ్రాం కావచ్చు. అది లేకపోయినా, ఉండి దానికి నోట్లు అందకపోయినా సౌండ్ రాదు. ఎంపీ3 వినిపిస్తోందంటే మీ స్పీకర్లు బాగున్నాయని తెలిసింది, అంతవరకే.

నిమిషాల కొద్దీ సాగే పాట కొన్ని పదుల కిలోబైట్లలో ఇమడడానికీ, ఒకే ఫైలు రెండు కంప్యూటర్లలో రెండు రకాలుగా వినిపించడానికీ కారణం ఇదే.

ప్లేయర్లో టైమ్ కదులుతోంది, సౌండ్ మాత్రం లేదు. ఎక్కడ చూడాలి?

టైమ్ కదులుతోందంటే ఫైలు తెరుచుకుంది, ప్లేయర్ చదువుతోంది. తేడా ఆ తర్వాతే ఉంది.

మొదట ప్లేయర్ సెట్టింగ్స్‌లో మిడి అవుట్‌పుట్ ఏముందో చూడండి. యూఎస్‌బీ కీబోర్డు ఎప్పుడైనా తగిలించి ఉంటే కొన్ని ప్లేయర్లు దాన్నే అవుట్‌పుట్‌గా పట్టుకుంటాయి. నోట్లన్నీ ఆ కీబోర్డుకు వెళ్తుంటాయి. దాని వాల్యూమ్ తగ్గించి ఉన్నా, లోపల సొంత సౌండ్లు లేని రకం కీబోర్డు అయినా మీకేమీ వినపడదు. అవుట్‌పుట్‌ను సాఫ్ట్‌వేర్ సింథ్‌కు మార్చండి. విండోస్‌లో దాని పేరు మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్.

అది సరిగానే ఉంటే విండోస్ వాల్యూమ్ మిక్సర్ తెరవండి. అందులో ఒక్కో ప్రోగ్రాంకు విడివిడిగా వాల్యూమ్ ఉంటుంది. మీ ప్లేయర్ ఒక్కటే మ్యూట్‌లో ఉండొచ్చు. స్పీకర్లు లేని మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాక సౌండంతా దానికే పోవడం కూడా తరచూ జరిగేదే.

లినక్స్ వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. లినక్స్ సౌండ్ వ్యవస్థ అయిన అల్సాలో మిడి త్రూ అనే పోర్టు ఎప్పుడూ కనిపిస్తుంటుంది. చాలా ప్లేయర్లు మొదట దాన్నే ఎంచుకుంటాయి. దాని వెనక సింథ్ ఏమీ ఉండదు, వచ్చిన నోట్లను వచ్చినట్టే అవతలికి పంపుతుంది. అవతల ఎవరూ లేకపోతే అక్కడితో సరి. ఫ్లూయిడ్‌సింథ్‌ గానీ టిమిడిటీ గానీ (రెండూ సింథ్ ప్రోగ్రాంలే) ఇన్‌స్టాల్ చేసి, దానికి ఒక సౌండ్‌ఫాంట్ (వాద్యాల సౌండ్లున్న ఫైలు) ఇచ్చి నడపండి. ప్లేయర్ అవుట్‌పుట్‌ను ఆ సింథ్ పోర్టుకు కలపండి. లినక్స్‌లో మిడి మోగట్లేదనేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఈ ఒక్క కనెక్షనే.

సౌండ్ వస్తోంది కానీ మరీ చిన్నగా ఉంది.

ఫ్లూయిడ్‌సింథ్ అయితే గెయిన్ (సౌండ్‌ను ఎంత పెంచి ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) పెంచండి. అది మొదట్లో 0.2 దగ్గర ఉంటుంది, కావాలనే తక్కువ పెట్టారు. చాలా నోట్లు ఒకేసారి మోగినప్పుడు సౌండ్ పగిలిపోకూడదని. 0.5తో మొదలుపెట్టి, పగులుతున్నట్టు అనిపిస్తే తగ్గించుకోండి.

మాక్‌లో డబుల్ క్లిక్ చేస్తే మిడి ఫైలు తెరుచుకోవట్లేదు. ఇదివరకు తెరుచుకునేది కదా?

తెరుచుకునేది. పాత క్విక్‌టైమ్ 7 మిడి వాయించేది. అది 32 బిట్ ప్రోగ్రాం. 2019లో వచ్చిన మాక్ఓఎస్ కాటలీనా నుంచి 32 బిట్ ప్రోగ్రాంలు నడవవు. ఇప్పుడున్న క్విక్‌టైమ్ ప్లేయర్‌కు మిడి రాదు. గ్యారేజ్‌బ్యాండ్ తెరిచి ఫైలును అందులోకి లాగితే ట్రాకులన్నీ విడివిడిగా వస్తాయి. ఊరికే విని వదిలేయడానికి గ్యారేజ్‌బ్యాండ్ కాస్త పెద్ద ప్రోగ్రామే, అంత అక్కర్లేదనుకుంటే చిన్న మిడి ప్లేయర్ ఏదైనా పెట్టుకోండి.

వీఎల్‌సీ అన్నీ తెరుస్తుంది, మిడి మాత్రం తెరవనంటోంది.

వీఎల్‌సీ మిడిని తన సొంతంగా వాయించదు, ఫ్లూయిడ్‌సింథ్ మాడ్యూల్ సాయం తీసుకుంటుంది. ఆ మాడ్యూల్ ఉన్నా సౌండ్‌ఫాంట్ ఫైలు ఎక్కడుందో చెప్పకపోతే ఎర్రర్ ఇస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో అన్ని సెట్టింగ్స్ చూపించమని, ఆడియో కోడెక్స్ కింద ఫ్లూయిడ్‌సింథ్ దగ్గర సౌండ్‌ఫాంట్ ఫైలును చూపించండి. అక్కడ ఫ్లూయిడ్‌సింథ్ పేరే లేకపోతే మీ వీఎల్‌సీలో ఆ మాడ్యూల్ లేదన్నమాట. అప్పుడు దానితో కుస్తీ పట్టకండి. మిడి కోసమే రాసిన ప్లేయర్లలో ట్రాకులు మ్యూట్ చేసుకోవచ్చు, శ్రుతి, వేగం మార్చుకోవచ్చు. తరచూ మిడి వినేవాళ్లకు అవే మేలు.

ఫైలు పాడైందనో, ఫార్మాట్ చెల్లదనో వస్తోంది.

ముందు ఫైలు సైజు చూడండి. సున్నా ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోయింది. సైజు ఉంటే ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. మిగతాదంతా చెత్తలా కనిపిస్తుంది, పట్టించుకోకండి. మొట్టమొదట ఎం, టి, హెచ్, డి అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉండాలి. ప్రతి ప్రామాణిక మిడి ఫైలూ వాటితోనే మొదలవుతుంది. వాటికి బదులు హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తే మీరు దించుకున్నది పాట కాదు, డౌన్‌లోడ్ పేజీ. పేరు చివర మిడ్ అని ఉన్నంత మాత్రాన అది మిడి అయిపోదు.

మొదట్లో ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అని ఉంటే అది ఆర్‌ఎంఐ రకం. లోపల మామూలు మిడినే ఉంటుంది, పైన ఇంకో పొర చుట్టి ఉంటుంది. కొన్ని ప్లేయర్లు దాన్ని నేరుగా తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఇవి కాక మిడి ఫైళ్లలో టైప్ 0, 1, 2 అని మూడు రకాలున్నాయి. టైప్ 0లో అంతా ఒకే ట్రాకులో ఉంటుంది, టైప్ 1లో ట్రాకులు విడిగా ఉండి కలిసి మోగుతాయి. ఈ రెండూ అన్నిచోట్లా నడుస్తాయి. టైప్ 2 చాలా అరుదు, చాలా ప్లేయర్లకు అది రాదు.

మోగుతోంది కానీ చప్పగా, చవకబారుగా ఉంది. ఫైలు నాసిరకమా?

చాలావరకు కాదు. తేడా సింథ్ దగ్గర ఉన్న సౌండ్లలో ఉంది. విండోస్‌తో వచ్చే సింథ్ వాడే సౌండ్లన్నీ జీఎం డాట్ డీఎల్‌ఎస్ అనే ఒక్క ఫైల్లో ఉంటాయి. దాని సైజు నాలుగు ఎంబీలు కూడా ఉండదు. రోలాండ్ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకున్న ఆ సౌండ్లు 1990ల నాటివి. నూట పాతిక పైచిలుకు వాద్యాలు, డ్రమ్స్ అన్నీ అంత చిన్న ఫైల్లో కుక్కితే వయొలిన్ వయొలిన్‌లా వినపడాలనుకోవడం అత్యాశే.

దీనికి మందు సౌండ్‌ఫాంట్. నిజమైన వాద్యాల రికార్డింగులను నోట్ల వారీగా పేర్చిన ఫైలు అది. 1994లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ ఏడబ్ల్యూఈ32 కార్డుతో ఈ పద్ధతి జనంలోకి వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. ఉచితంగా దొరికేవాటిలో ఫ్లూయిడ్ ఆర్3 జీఎం 140 ఎంబీల పైన ఉంటుంది. జనరల్‌యూజర్ జీఎస్ 30 ఎంబీల దగ్గర ఉంటుంది. పెద్దదైతే బాగుంటుందని అందరూ ముందు పెద్దదాని మీద పడతారు. సైజును చూసి మోసపోవద్దనే నేను చెబుతాను. ఒక్కో వాద్యం విడిగా ఎంత బాగున్నా, అన్నీ కలిసి మోగినప్పుడు ఒకదాని వాల్యూమ్ ఇంకోదానికి పొంతన లేకపోతే పాట పాడైపోతుంది. ఆ పొంతన జనరల్‌యూజర్‌లో చక్కగా కుదిరింది. పాత కంప్యూటరైతే ఇంకో సంగతి కూడా ఉంది. చాలా సింథ్‌లు సౌండ్‌ఫాంట్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించుకుంటాయి. ఒక జీబీ ఫాంటు పెడితే పాట మొదలయ్యేలోపు కాఫీ తాగి రావచ్చు.

విండోస్‌లో సౌండ్‌ఫాంట్ వాడాలంటే వర్చువల్‌మిడిసింథ్ లాంటిది ఇన్‌స్టాల్ చేసి, అందులో ఫాంటును చేర్చి, తర్వాత ప్లేయర్ అవుట్‌పుట్‌గా దాన్ని ఎంచుకోవాలి. ఈ చివరి మెట్టు చాలామంది మర్చిపోతారు. అన్నీ చేశాం, సౌండ్ మారలేదంటారు. విండోస్ ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌లోనే ఏ మిడి పరికరం వాడాలో చెప్పే వీలుండేది. విస్టా నుంచి దాన్ని తీసేశారు. కాబట్టి అవుట్‌పుట్ ఎంచుకునే సెట్టింగే లేని విండోస్ మీడియా ప్లేయర్ లాంటివి పాత సింథ్‌నే పట్టుకుని ఉంటాయి. వాటిని వదిలేసి, అవుట్‌పుట్ ఎంచుకోనిచ్చే ప్లేయర్‌కు మారడమే సుఖం.

దించుకున్న ఫాంటు ఎస్‌ఎఫ్2 రకమైతే దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. ఎస్‌ఎఫ్3 కుదించిన రకం, ఎస్‌ఎఫ్‌జెడ్ వేరే రకం. మీ సింథ్‌కు అవి వస్తాయో రావో చూసుకోండి.

వాద్యాలు తారుమారయ్యాయి. ఫ్లూట్ ఉండాల్సిన చోట ఇంకేదో మోగుతోంది.

ఏ తీరున తారుమారయ్యాయో గమనిస్తే కారణం అదే బయటపడుతుంది.

అన్నీ పియానోగానే మోగుతుంటే వాద్యం మార్చమనే సూచన సింథ్‌కు అందట్లేదు. పాటను మొదట్నుంచి కాకుండా మధ్యలోంచి మొదలుపెట్టారేమో చూడండి. ఆ సూచనలు సాధారణంగా పాట మొదట్లోనే ఉంటాయి. మధ్యలోకి దూకినప్పుడు వెనకవి ఏరి పంపే తెలివి కొన్ని ప్లేయర్లకు లేదు. లేదంటే మీ సౌండ్‌ఫాంట్‌లో ఒక్క పియానోయే ఉండొచ్చు. పియానో కోసమే చేసిన ఫాంట్లు చాలా ఉన్నాయి.

డ్రమ్స్ మాత్రమే పియానోగా మోగుతుంటే ఛానెల్ 10 చూడండి. ఏ నంబరుకు ఏ వాద్యమో ఖరారు చేస్తూ 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణం ప్రకారం 16 ఛానెళ్లలో పదోది డ్రమ్స్‌కే కేటాయించారు. ఫైలును ఎడిట్ చేస్తూ ఆ ట్రాకును వేరే ఛానెల్‌కు మార్చితే ఇలా అవుతుంది. ఎస్‌ఎఫ్2 ఫాంట్లలో డ్రమ్స్ 128వ బ్యాంకు (సౌండ్ల గుంపు)లో ఉంటాయి. ఆ బ్యాంకు లేని ఫాంటుతో కూడా డ్రమ్స్ సరిగా రావు.

ప్రతి వాద్యం బదులు జాబితాలో దాని పక్కనున్నది మోగుతుంటే అది లెక్క తేడా. జనరల్ మిడిలో వాద్యాలు 128. వాటిని కొన్ని ప్రోగ్రాంలు 1 నుంచి 128 వరకూ లెక్కపెడితే, కొన్ని 0 నుంచి 127 వరకూ లెక్కపెడతాయి. చేత్తో నంబరు వేసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఒక పద్ధతంటూ లేకుండా అంతా గందరగోళంగా ఉంటే, ముఖ్యంగా పాత కంప్యూటర్ గేముల సంగీతమైతే, అది రోలాండ్ ఎంటీ-32 అనే సింథ్ పెట్టె కోసం రాసినదై ఉంటుంది. ఆ పెట్టె 1987 నాటిది, జనరల్ మిడి అప్పటికింకా పుట్టలేదు. దాని వాద్యాల వరుస వేరు. గేము నడుస్తుండగా కొత్త సౌండ్లను పంపించి దాని మెమరీలో పెట్టే ఏర్పాటు కూడా ఉండేది. అలాంటి ఫైళ్లకు సౌండ్‌ఫాంట్లు ఎన్ని మార్చినా లాభం లేదు. ఆ పెట్టెను కంప్యూటర్లో అనుకరించే మంట్ అనే ఎమ్యులేటర్ వాడాలి. దానికి అసలు పరికరంలోని రోమ్ (ROM) ఫైళ్లు కావాలి, అవి దానితో రావు.

రోలాండ్ జీఎస్, యమహా ఎక్స్‌జీ అని జనరల్ మిడికి పొడిగింపులున్నాయి. వాటి కోసం రాసిన ఫైలును మామూలు సింథ్‌లో వేస్తే అదనపు వాద్యాల చోట దగ్గర్లోని మామూలు వాద్యం మోగుతుంది. పాట పాడవదు కానీ కాస్త రంగు తగ్గుతుంది.

నిన్నటిదాకా బాగున్న ఫైలు ఇవాళ వింతగా మోగుతోంది.

దానికి ముందు వేరే ఫైలు వాయించారా? సింథ్‌కు జ్ఞాపకం ఎక్కువ. ముందు పాటలో తగ్గించిన వాల్యూమ్, మార్చిన శ్రుతి వంపు (పిచ్ బెండ్) పరిధి, నొక్కిపెట్టిన పెడల్ అలాగే ఉండిపోతాయి. ప్లేయర్‌లో ప్రతి పాటకు ముందు జీఎం రీసెట్ (సింథ్‌ను మొదటి స్థితికి తెచ్చే జనరల్ మిడి సందేశం) పంపే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ప్లేయర్ మూసి తెరవండి.

పాట ఆపినా ఒక నోటు మోగుతూనే ఉంది. ఎలా ఆపాలి?

చాలా ప్లేయర్లలో ప్యానిక్ అనే బటన్ ఉంటుంది, అది ఇందుకే. మిడిలో నోటు మొదలవడానికి ఒక సందేశం, ఆగడానికి ఇంకో సందేశం విడిగా వెళ్తాయి. రెండోది దారిలో పోతే నోటు ఆగదు. ప్యానిక్ నొక్కితే కంట్రోలర్ 123, అంటే నోట్లన్నీ వదిలేయమనే ఆదేశం, అన్ని ఛానెళ్లకూ వెళ్తుంది. సస్టెయిన్ పెడల్ నొక్కి ఉన్నట్టు సింథ్ అనుకుంటుంటే అది చాలదు. పెడల్‌కు సంబంధించిన కంట్రోలర్ 64ను సున్నా చేయాలి, లేదా సౌండ్‌నే కోసేసే కంట్రోలర్ 120 పంపాలి. ఎప్పుడూ ఒకే చోట ఇలా జరుగుతుంటే తప్పు ఫైల్లో ఉంది. ఒక్కోసారి ఒక్కో చోట జరుగుతుంటే కేబుల్‌ను అనుమానించండి.

చిటపటలు వస్తున్నాయి, మధ్యమధ్యలో సౌండ్ తెగుతోంది.

బఫర్ (ముందే తయారుచేసి ఉంచుకునే సౌండ్ ముక్క) పెంచండి. కేవలం ఫైళ్లు వినడానికైతే బఫర్ ఎంత పెద్దదున్నా నష్టం లేదు. ప్లే నొక్కాక క్షణం ఆలస్యమవుతుంది, అంతే. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఆదా మోడ్‌లో ఉంటే తీసేయండి.

సౌండ్ తెగడం వేరు, నోట్లు మాయమవడం వేరు. నోట్లు ఎక్కువున్న చోట పాతవి టక్కున ఆగిపోతుంటే పాలీఫొనీ చాలట్లేదు. అంటే సింథ్ ఒకేసారి మోగించగల నోట్ల పరిమితి దాటింది. జనరల్ మిడి అడిగేది కనీసం 24. ఫ్లూయిడ్‌సింథ్‌లో మొదట 256 ఉంటుంది, పెంచుకోవచ్చు. లక్షల నోట్లతో తెర నల్లబడేలా రాసే బ్లాక్ మిడి ఫైళ్లు చాలా కంప్యూటర్లను ఇబ్బంది పెడతాయి. వాటితో మీ సెటప్‌కు పరీక్ష పెట్టి టెన్షన్ పడకండి.

కీబోర్డు నొక్కాక సౌండ్ ఆలస్యంగా వస్తోంది.

ఇక్కడ బఫర్ తగ్గించాలి. 44,100 హెర్ట్జ్ దగ్గర 1024 శాంపుల్స్ బఫర్ అంటే దాదాపు 23 మిల్లీసెకన్లు. 256 అయితే 6 లోపే. విండోస్‌లో అంత తక్కువకు దిగాలంటే ఆలస్యం తగ్గించడానికి చేసిన ఏసియో డ్రైవర్ ఉన్న సింథ్ వాడాలి. విండోస్‌తో వచ్చే సింథ్ ఫైళ్లు వినడానికి పనికొస్తుంది కానీ వాయించడానికి పనికిరాదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటే ముందు అది తీసి తీగ ఉన్నది పెట్టండి. బ్లూటూత్ ఆలస్యాన్ని ఏ బఫర్ సెట్టింగూ సరిచేయలేదు.

యూఎస్‌బీ కీబోర్డు ప్లేయర్‌కు కనిపించట్లేదు.

కేబుల్ మార్చి చూడండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లుంటాయి. కీబోర్డు తగిలించాక ప్లేయర్‌ను మూసి తెరవండి. చాలా ప్రోగ్రాంలు మొదలైనప్పుడు ఒక్కసారే పరికరాలను వెతుకుతాయి. విండోస్‌లో పాత తరహా డ్రైవర్లయితే ఒక మిడి పోర్టును ఒక ప్రోగ్రామే వాడుకోగలదు. ఇంకో మ్యూజిక్ ప్రోగ్రాం తెరిచి ఉంటే మూసేయండి. గుండ్రటి ఐదు పిన్నుల కేబుళ్లయితే ఒకదాని అవుట్ ఇంకోదాని ఇన్‌కు వెళ్లాలి. ఇన్ అని రాసినదాన్ని ఇన్‌లోనే పెట్టడం సహజంగా జరిగే పొరపాటు. కొన్ని చవక యూఎస్‌బీ కేబుళ్ల మీద రాతలే అయోమయంగా ఉంటాయి, కాబట్టి రెండూ తారుమారు చేసి కూడా చూడండి.

ఒక్క మీట నొక్కితే నోటు రెండుసార్లు మోగుతోంది.

కీబోర్డు తన సౌండ్ తాను ఇస్తోంది, కంప్యూటర్ అదే నోటును తిరిగి పంపుతోంది. కీబోర్డు మెనూలో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయండి.

పాట మరీ వేగంగా, లేదా మరీ నెమ్మదిగా నడుస్తోంది.

ఫైల్లో వేగం ఇంతని చెప్పకపోతే ప్లేయర్లు నిమిషానికి 120 బీట్లు అనుకుంటాయి. టైప్ 1 ఫైళ్లలో వేగం వివరాలన్నీ మొదటి ట్రాకులో ఉంటాయి. ఎవరో ఆ ట్రాకు ఖాళీగా ఉందనుకుని తీసేసి ఉంటే పాట 120కి వచ్చేస్తుంది. అసలు ఫైలు దొరికితే అదే వాడండి. దొరకకపోతే ఎడిటర్‌లో వేగం మళ్లీ వేసుకోవాలి.

మొదటి ఒకటి రెండు నోట్లు వినపడట్లేదు.

రీసెట్ సందేశం అందుకున్నాక సింథ్ తేరుకోవడానికి కాస్త సమయం పడుతుంది. అదే క్షణంలో నోట్లు పంపితే మింగేస్తుంది. పాట ముందు ఒక ఖాళీ బార్ చేర్చడమే దీనికి పాత మందు.

కరావోకే ఫైల్లో పాట మాటలు పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయి.

కేఏఆర్ ఫైలు అంటే మాటలు చేర్చిన మిడి ఫైలే. ఆ మాటలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో ఫైలు చెప్పదు. ఇంగ్లీషు కాని లిపుల్లో రాసినవారి కంప్యూటర్లో ఒకటి, మీ ప్లేయర్లో ఇంకోటి ఉంటే ఇలాగే వస్తుంది. ప్లేయర్‌లో ఎన్‌కోడింగ్ మార్చే వీలుంటే ముందు యూటీఎఫ్-8 ప్రయత్నించండి.

బ్రౌజర్లో మిడి పాటలు ఎందుకు మోగవు?

ఒకప్పుడు ప్లగిన్ల సాయంతో మోగేవి. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ ఆ పాత ప్లగిన్లకు తలుపులు మూసేశాయి. వెబ్ మిడి అని ఇప్పుడున్నది ఫైళ్లు వాయించడానికి కాదు, మీ కీబోర్డు లాంటి పరికరాలతో పేజీ మాట్లాడటానికి. బ్రౌజర్లో మిడి వినిపించే పేజీలు ఉన్నాయి, అవి సింథ్‌ను తమ వెంట తెచ్చుకుంటాయి.

మిడిని ఎంపీ3గా మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. దీనికి కూడా సింథ్, సౌండ్‌ఫాంట్ కావాలి, ఎందుకంటే ఎవరో ఒకరు పాటను వాయించాలి. ఫ్లూయిడ్‌సింథ్, టిమిడిటీ రెండూ స్పీకర్‌కు బదులు నేరుగా వేవ్ ఫైల్లోకి వాయించగలవు. ఇది మామూలుగా వినే సమయం కంటే చాలా త్వరగా అయిపోతుంది, చిటపటలూ రావు. ఆ వేవ్‌ను ఏ ఆడియో ఎడిటర్‌తోనైనా ఎంపీ3 చేసుకోండి. మీకు నచ్చిన ఫాంటుతో ఇలా మార్చి ఇస్తే అవతలివాళ్ల కంప్యూటర్లో ఏ సింథ్ ఉన్నా పాట ఒకేలా వినపడుతుంది.

ఎంపీ3ని మిడి చేయడం అంత తేలిక కాదు. ఒక్క పియానో రికార్డింగ్ అయితే ఇప్పటి ప్రోగ్రాంలు చాలావరకు పట్టుకుంటాయి. పాటలో పది వాద్యాలు, గొంతులు కలిసి ఉంటే వచ్చిన ఫైలును సరిదిద్దడం కన్నా చెవితో విని కొత్తగా రాసుకోవడమే నయం.